అగ్నిపర్వతాల భూకంపాల మీద పీహెచ్‌డీ అంటే రోజూ చేసే పని ఏంటి?

విశాఖ_తరంగం:

అందరికీ నమస్తే. ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ పూర్తి చేశాను. నా ప్రాజెక్టు భూగర్భజలాల కోసం చేసే రిఫ్రాక్షన్ సర్వే. సమ్మెటతో ఇనుప పలక మీద కొట్టడం, జియోఫోన్లు గుచ్చడం, కేబుల్ చుట్టడం, ఎండలో మాడడం. భూకంపాల డేటా క్లాసులో చూశానే గానీ సొంతంగా ఎప్పుడూ పని చేయలేదు.

ఇప్పుడు అమెరికాలో ఒక ప్రొఫెసర్ గారి దగ్గర పీహెచ్‌డీకి పిలుపు వచ్చింది, ఫండింగ్‌తో సహా. టాపిక్ హవాయిలోని కిలవేయా అగ్నిపర్వతం, 2018లో దాని శిఖరం కుంగినప్పుడు వచ్చిన భూకంపాలు. ఆగస్టులో వెళ్లాలి. సంతోషం ఎంతుందో టెన్షన్ కూడా అంతే ఉంది.

అసలు ఈ పనిలో ఉన్నవాళ్లు రోజంతా ఏం చేస్తారు? కొండలెక్కుతారా, కంప్యూటర్ ముందు కూర్చుంటారా? ఇప్పుడు భూకంపాల్ని మెషీన్ లెర్నింగే గుర్తు పట్టేస్తోందని, వాటి లెక్క కూడా అదే రాసేస్తోందని చదివాను. మరి స్టూడెంట్ చేయడానికి మిగిలేదేంటి? మా నాన్నగారిది ఇంకో బాధ. "మన దేశంలో అగ్నిపర్వతమే లేదు, తిరిగొచ్చి ఏం చేస్తావురా?" అంటున్నారు. ఆయనకి చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఇందులో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

బొగ్గుట్ట_పిల్ల:

తమ్ముడూ, ముందు శుభాకాంక్షలు. నేను ఇదే రంగంలో పీహెచ్‌డీ నాలుగో ఏడు. మాది ఇల్లందు, నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు. నేను చేసేదీ కిలవేయా 2018 డేటా మీదే. కాబట్టి నీ ప్రొఫెసర్ ఎవరో నాకు ఊహ తెలుస్తూనే ఉంది, చెప్పనులే.

కొండల సంగతి ముందు తేల్చేద్దాం. ఏడాదిలో ఎక్కువ రోజులు స్క్రీన్ ముందే. ఫీల్డ్‌కి వెళ్లినప్పుడు కూడా సినిమాల్లోలా లావా పక్కన నిలబడేది ఏమీ ఉండదు. నోడ్స్ అని చిన్న సీస్మోమీటర్లు (నేల కంపనం కొలిచే పరికరాలు) వస్తున్నాయి, బ్యాటరీ లోపలే ఉంటుంది. వాటిని మోసుకెళ్లి, చిన్న గొయ్యి తీసి, బబుల్ చూసి మట్టం చేసి, ఉత్తరానికి తిప్పి పాతిపెట్టడం. కొన్ని వారాల తర్వాత వెళ్లి తవ్వి తెచ్చుకోవడం. నువ్వు రిఫ్రాక్షన్‌లో చేసిందే, కాకపోతే సమ్మెట పని అగ్నిపర్వతం చూసుకుంటుంది. ఒక చిక్కు మాత్రం ఇప్పుడే చెప్తాను. కిలవేయా అంతా బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, అందులో అయస్కాంత ఖనిజం ఉంటుంది, దిక్సూచి అక్కడ తప్పు చూపిస్తుంది. ఉత్తరం అనుకుని పెట్టింది ఉత్తరం కాకపోవచ్చు. అందుకని డేటా వచ్చాక, ఎక్కడో దూరాన వచ్చిన పెద్ద భూకంపం తరంగాలు ఏ దిక్కు నుంచి వచ్చాయో లెక్కగట్టి పరికరం దిశని సరిచేసుకుంటాం. ఇంకోటి, ఆఆ అనే రకం గరుకు లావా మీద నడిస్తే షూ అడుగు అరిగిపోవడం కాదు, కోసుకుపోతుంది. ఖర్చుకి వెనకాడకుండా మంచి బూట్లు కొనుక్కో.

ఇక అసలు పని. 2018లో ఏం జరిగిందో తెలిస్తే పని అర్థమవుతుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ఆ ఏడు ఏప్రిల్ 30న పూఊ ఓఓ అనే బిలం అడుగు కుప్పకూలింది. లోపలున్న మాగ్మా, అంటే కరిగిన రాయి, పగుళ్ల వెంట భూమి కిందే తూర్పుకి పాకింది. మే 3న లెయిలానీ ఎస్టేట్స్ అనే కాలనీలో ఇళ్ల మధ్య నేల చీలి లావా పైకొచ్చింది. మర్నాడే 6.9 తీవ్రతతో భూకంపం. మొత్తం 24 చీలికలు, 700 పైచిలుకు ఇళ్లు పోయాయి. వార్తల్లో చూపించిందంతా ఆ లావానే. మనకి కావలసిన కథ అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో, శిఖరం మీద జరిగింది.

శిఖరం కింద ఒకటి రెండు కిలోమీటర్ల లోతులో మాగ్మా అర, అంటే మాగ్మా నిండిన గదిలాంటి చోటు, ఉంది. అందులోది తూర్పుకి కారిపోతుంటే పైకప్పుకి ఆధారం తగ్గుతూ వచ్చింది. కానీ పైకప్పు నెమ్మదిగా, సాఫీగా దిగలేదు. చుట్టూ ఉన్న రాతితో రాపిడి పట్టి ఉంచుతుంది, భారం పెరుగుతుంది, ఒక్కసారిగా జారుతుంది. మళ్లీ పట్టుకుంటుంది. మే మధ్య నుంచి ఆగస్టు 2 దాకా ఇలా 62 సార్లు. ఒక్కొక్కటీ 4.7 నుంచి 5.4 మధ్య తీవ్రత. చివరికి కొన్ని చోట్ల నేల 500 మీటర్లకు పైగా దిగిపోయింది. 1912 నుంచి నడుస్తున్న హవాయి అగ్నిపర్వతాల అబ్జర్వేటరీ భవనం ఆ అంచు మీదే ఉండేది. అది దెబ్బతిని, ఖాళీ చేసి వెళ్లిపోవాల్సి వచ్చింది. కూలిన భాగం మీదున్న ఒక జీపీఎస్ స్టేషన్ నేలతో పాటే కిందికి వెళ్తూ కూడా డేటా పంపుతూనే ఉంది. ఆ గ్రాఫ్ మొదటిసారి చూసినప్పుడు నేను యాక్సిస్ తప్పేమో అనుకుని రెండోసారి చూశాను.

ఇప్పుడు ఇందులో వింత ఏంటంటే, మామూలు పెద్ద భూకంపం వస్తే తర్వాత చిన్నవి వరసగా వస్తాయి, రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి. జపాన్‌లో ఒమోరి 1894లోనే ఈ తగ్గుదలకి సూత్రం రాశాడు. కిలవేయా శిఖరం మీద అది తిరగబడింది. కూలడానికి ముందు గంటల్లో చిన్న భూకంపాలు అంతకంతకూ పెరిగాయి, రోజుకి కొన్ని వందలు. కూలగానే నిశ్శబ్దం. కొన్ని గంటల తర్వాత మళ్లీ మొదలు. (అన్నట్టు, ఆ అబ్జర్వేటరీలో మొదట పెట్టిన సీస్మోగ్రాఫులు బాష్-ఒమోరి రకం. ఆయన పేరున్న పరికరాలు కొలిచిన కొండ మీదే ఆయన సూత్రం తలకిందులైంది.)

కారణం స్థూలంగా తెలుసు. పైకప్పు జారగానే అంచు పగుళ్ల మీద ఒత్తిడి పోతుంది, అందుకే నిశ్శబ్దం. జారిన రాయి కిందున్న మాగ్మాని నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎంత దూరం పోయిందంటే, కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల్లో 40 కిలోమీటర్ల అవతల ఎనిమిదో నంబరు చీలిక దగ్గర లావా ఉధృతి పెరిగేది. ఇది నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

స్టూడెంట్‌కి మిగిలేది ఇక్కడే. ఆ నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దమా, లేక మనకి వినిపించలేదా? 5.3 తీవ్రతది వచ్చినప్పుడు దాని కంపనాల తోక చాలాసేపు సాగుతుంది. ఆ తోక కింద 1.5 తీవ్రత భూకంపం వచ్చినా ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. లెక్కలో సున్నా పడుతుంది. చదివేవాడు భూకంపాలు ఆగిపోయాయని రాసేస్తాడు. కూలే ముందు గంటల్లో ఇంకో రకం ఇబ్బంది. ప్రతి భూకంపం నుంచి ముందు పీ-తరంగం, దాని వెనక నిదానంగా ఎస్-తరంగం వస్తాయి కదా, ఒకదాని ఎస్ వచ్చేలోపే ఇంకోదాని పీ వచ్చి పడుతుంది. పెళ్లి పందిట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరు ఏమన్నారో రాసుకోమన్నట్టు ఉంటుంది. అందుకే మొదట చేసే పని, ఏ గంటలో ఎంత చిన్న భూకంపం వరకు మన పరికరాలు చూడగలవో లెక్కగట్టడం. పెద్దదాని తోక నిమిషాల్లో సద్దుమణుగుతుంది, నిశ్శబ్దం గంటల పాటు ఉంటుంది. కాబట్టి నిశ్శబ్దం నిజమే. కానీ ఆ మొదటి నిమిషాల్లో ఏం జరిగిందో కాటలాగ్ (భూకంపాల పట్టిక) చూసి చెప్పలేం. ఆ నిమిషాలే నా థీసిస్‌లో రెండో అధ్యాయం.

ఇంక రోజువారీ పని అంటావా. ఎర్త్‌స్కోప్ అనే డేటా కేంద్రం నుంచి డేటా దింపుకోవడం (పాత పేపర్లలో ఐరిస్ అని ఉంటుంది, అదే ఇది), పైథాన్‌లో అబ్స్‌పై అనే లైబ్రరీతో చదవడం, పరికరం సొంత ప్రభావాన్ని తీసేయడం, ఫిల్టర్ వేయడం. హవాయి చుట్టూ సముద్రమే కదా, అలల వల్ల వచ్చే సన్నని కంపనం ఎప్పుడూ ఉంటుంది. ఒక హెర్ట్‌జ్ కింద అదే రాజ్యం. అది తీసేస్తే చిన్న భూకంపాలు బయటపడతాయి. తర్వాత పీ, ఎస్ సమయాలు గుర్తించడం, వాటి నుంచి భూకంపం చోటు లెక్కగట్టడం, ఒకదానికొకటి పోలిన భూకంపాల మధ్య సమయం తేడాలు తీసి చోట్లని ఇంకా సూక్ష్మంగా సరిచేయడం. ఈ చివరి పద్ధతిని డబుల్ డిఫరెన్స్ అంటారు. అది చేయగానే మేఘంలా చెదిరి ఉన్న చుక్కలు ఒక గీత మీదికి, ఒక వలయం మీదికి వచ్చి చేరతాయి. మొదటిసారి అలా వచ్చిన రోజు ల్యాబ్‌లో అందర్నీ పిలిచి చూపించాను.

లోతు విషయంలో మాత్రం మొదటి వారమే జాగ్రత్త పడు. కాటలాగ్ తెరవగానే లోతు గడిలో మైనస్ అంకెలు కనిపిస్తాయి. అవి తప్పులు కావు, తీసేయకు. సముద్రమట్టాన్ని సున్నా అనుకుంటే, శిఖరం దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది. నేల నుంచి అర కిలోమీటరు కింద వచ్చిన భూకంపం -0.7 అని పడుతుంది. ఏ సంస్థ, ఏ సంవత్సరం, దేన్ని సున్నాగా తీసుకుందో చూడకుండా రెండు కాటలాగులు కలిపితే పైకప్పు భూకంపాలు మాగ్మా అర కిందికి పోతాయి. దాని మీద అందమైన సిద్ధాంతం కూడా కట్టొచ్చు.

మెషీన్ లెర్నింగ్ గురించి, నాన్నగారి గురించి రాత్రికి రాస్తా. ఇప్పుడు మీటింగ్ ఉంది.

కోడ్_కృష్ణ:

నేను ఈ రంగం వాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్. కానీ పైన చెప్పింది చదివితే ఇదంతా ఆటోమేట్ అయ్యే పనిలాగే ఉంది. తరంగం ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడం అంటే ప్యాటర్న్ రికగ్నిషనే కదా. ఐదేళ్లు దీని మీద పెట్టే బదులు ఎంఎల్ వైపు వెళ్తే పిల్లాడికి ఉద్యోగమన్నా ఉంటుంది. తప్పుగా అనుకోవద్దు, ఉన్నమాట చెప్తున్నా.

బొగ్గుట్ట_పిల్ల:

కృష్ణ గారూ, తప్పుగా ఏం అనుకోను. మీరు చెప్పినదాంట్లో సగం జరిగిపోయింది కూడా. పీ, ఎస్ గుర్తుపట్టే మోడళ్లలో 2019లో ఫేజ్‌నెట్ వచ్చింది, మరుసటి ఏడు ఈక్యూట్రాన్స్‌ఫార్మర్. మనుషులు నెలల తరబడి చేసే గుర్తింపు పని రాత్రికి రాత్రి అయిపోతోంది. నేనూ వాడతాను, రోజూ వాడతాను. హవాయి ద్వీపంలోనే పహాలా ఊరి కింద దాదాపు 40 కిలోమీటర్ల లోతులో ఇలాగే మెషీన్ లెర్నింగ్‌తో వెతికితే, 2018 నవంబరు నుంచి మూడున్నరేళ్లలో 1,92,000 దాకా భూకంపాలు బయటపడ్డాయి. అవన్నీ ఒకదాని పక్కన ఒకటి పరుచుకున్న పలకల్లాంటి ఆకారాల మీద కూర్చున్నాయి, మాగ్మా పోయే దారులు అవి. కాల్‌టెక్ వాళ్లు 2023లో అచ్చువేసిన పని ఇది. చేత్తో గుర్తుపెట్టుకుంటూ పోతే ఎప్పటికి తేలేది!

కానీ ఫేజ్‌నెట్ నేర్చుకుంది ఉత్తర కాలిఫోర్నియా భూకంపాల నుంచి. అక్కడివి ఫాల్ట్ (భూమిలోని పెద్ద పగులు) మీద రాయి జారినప్పుడు వచ్చేవి. పీ స్పష్టం, ఎస్ స్పష్టం. అగ్నిపర్వతంలో ఇంకో జాతి ఉంది, లాంగ్ పీరియడ్ అంటాం. పగుళ్లలో ఉన్న ద్రవమో వాయువో ఊగడం వల్ల వచ్చేవి. అరకొర పీ, ఎస్ అసలు కనిపించదు, చాలాసేపు ఒకే శ్రుతిలో మోగుతుంది. కొన్నిటిని మోడల్ వదిలేస్తుంది. అంతకంటే ఇబ్బంది, కొన్నిటికి లేని ఎస్‌ని చూపించి, నమ్మకం 0.8 (ఒకటికి) అని అంకె వేస్తుంది. ఆ ఎస్‌ని నమ్మితే చోటు కిలోమీటర్లు మారిపోతుంది.

ఇంకో ఉదాహరణ, అలాస్కాలో రిడౌట్ కొండ. 2009లో కొన్ని పేలుళ్లకి ముందు చిన్న చిన్న భూకంపాలు వెంటవెంటనే వచ్చి, ఎంత దగ్గరగా వచ్చాయంటే ఒకదానికొకటి కలిసిపోయి ఒక స్వరం అయిపోయాయి. ఆ స్వరం పైకి ఎగబాకి 30 హెర్ట్‌జ్ దాకా వెళ్లింది, తర్వాత కొద్దిసేపు ఆగింది, అప్పుడు పేలింది. ఒక్కో భూకంపాన్ని విడివిడిగా గుర్తుపట్టే మోడల్‌కి అక్కడ భూకంపమే కనిపించదు. స్పెక్ట్రోగ్రామ్ (ఏ సమయంలో ఏ శ్రుతి ఉందో చూపే బొమ్మ) వేసి కంటితో చూసిన మనిషికి వెంటనే తెలుస్తుంది.

మా ఊరి నుంచి ఒకటి చెప్తాను. ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర బ్లాస్టింగ్ టైమ్ అయ్యిందంటే మా ఇంట్లో స్టీలు గిన్నెలు కదిలేవి, మేం చూసేవాళ్లం కూడా కాదు. ఏ గని ప్రాంతం కాటలాగ్ తీసుకున్నా, భూకంపాల్ని రోజులో గంటల వారీగా పోగేసి చూస్తే పగటిపూట ఒక దిబ్బ కనిపిస్తుంది. భూమికి డ్యూటీ టైమింగ్స్ ఉండవు కదా, ఆ దిబ్బ మనుషులది. మోడల్ వాటిని కూడా నిక్షేపంగా భూకంపాలని గుర్తిస్తుంది. నేను కొత్త కాటలాగ్ ఏది చేతికొచ్చినా మొదట గంటల వారీ పట్టీ వేసి చూస్తాను. ఇది ఎవరూ నేర్పలేదు, ఇల్లందులో పెరిగితే వస్తుంది.

కాబట్టి తమ్ముడూ, ఎంఎల్ నేర్చుకో, బాగా నేర్చుకో. అది ఇచ్చిన ప్రతి వంద గుర్తుల్లోంచి కొన్నిటిని యాదృచ్ఛికంగా తీసి వేవ్‌ఫారం తెరిచి చూడటం మాత్రం మానకు. ల్యాబ్‌లో ఎవరూ చూడకపోయినా నువ్వు చూడు.

కృష్ణా_తీరం_హైద్:

తమ్ముడి నాన్నగారికి నేను జవాబు చెప్తా. నేను హైదరాబాద్‌లో భూకంపాల మీదే పరిశోధన చేస్తున్నాను, మహారాష్ట్రలోని కోయనా డ్యామ్ ప్రాంతం డేటాతో.

మన దేశంలో అగ్నిపర్వతం లేదని నాన్నగారికి ఎవరో చెప్పి ఉంటారు. అండమాన్‌లో బారెన్ ఐలాండ్ ఉంది. శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్, అక్కడి నుంచి సుమారు 140 కిలోమీటర్లు. చాలా ఏళ్లు నిద్రపోయి 1991లో లేచింది, అప్పటి నుంచి అప్పుడప్పుడు పేలుతూనే ఉంది. 2004 డిసెంబరు 26 భూకంపం తర్వాత సుమారు నెల రోజులకి, 2005 జనవరి చివర్లో, నికోబార్‌కి తూర్పున అండమాన్ సముద్రం కింద వందల భూకంపాలు కొద్ది రోజుల్లో వచ్చాయి. అలాంటి గుంపులో టెక్టానిక్ పాలెంత, మాగ్మా పాలెంత అని విడదీయాలంటే మీ అబ్బాయి నేర్చుకోబోయే విద్యే కావాలి. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్.

పోనీ అగ్నిపర్వతం వదిలేద్దాం. కోయనాలో 1962లో జలాశయం నింపడం మొదలైంది. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రత భూకంపం వచ్చింది. జలాశయం వల్ల ప్రేరేపితమైన భూకంపాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దదిగా లెక్క. ఆశ్చర్యం ఏంటంటే ఇప్పటికీ ఆగలేదు. సుమారు 30 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఆ ముక్కలోనే, పది కిలోమీటర్ల లోతు లోపే వస్తుంటాయి. వర్షాకాలంలో నీరు చేరాక పెరుగుతాయి, చలికాలంలో నీరు తగ్గేటప్పుడు ఇంకోసారి. కిలవేయాలో మాగ్మా ఒత్తిడి, ఇక్కడ నీటి ఒత్తిడి. పగులులో ద్రవం రాతి పట్టుని ఎంత సడలిస్తుంది అన్న లెక్క రెండు చోట్లా ఒకే పుస్తకంలోది. బొగ్గుట్ట మేడమ్ చెప్పిన డబుల్ డిఫరెన్స్, కాటలాగ్ ఎంత చిన్నదాకా నమ్మొచ్చు అన్న గొడవ, అన్నీ మాకూ ఉన్నాయి.

కోయనాలో మాకున్న సౌకర్యం కిలవేయా వాళ్లకి లేదు. అక్కడ బోర్లు వేశారు. గోఠణే దగ్గర మూడు కిలోమీటర్ల పైలట్ బోరు 2017లో పూర్తయింది. పైన సుమారు 1.2 కిలోమీటర్ల దక్కన్ బసాల్ట్, దాని కింద గ్రానైట్. ఇంకొన్ని బోర్లలో ఒకటిన్నర కిలోమీటరు లోతున సీస్మోమీటర్లు దించారు. పైన గాలి, లారీలు, ఎడ్లబండ్ల చప్పుడు అక్కడికి చేరదు. ఉపరితలం స్టేషన్‌లో కనిపించని భూకంపం అక్కడ చక్కగా కనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే ఉపరితలం రికార్డు మీద విరక్తి పుడుతుంది.

ఇక్కడే చేయాలనుకునేవాళ్లకి దారి: సీఎస్ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్ రాయడం, లేదా గేట్. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, ఇప్పుడు నెలకి 37,000. ధనవంతులం కాము, బతుకుతాం.

గోదావరి_గట్టు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మాది ఏటూరునాగారం వైపు. 2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నరకి మా ఇల్లు ఊగింది, బయటికి పరుగెత్తాం. ములుగు అన్నారు, 5.3 అన్నారు. బొగ్గు గనుల వల్ల అని కొందరు, కింద అగ్నిపర్వతం ఉందని కొందరు యూట్యూబ్‌లో చెప్పారు. మీరు ఇదే చదువుతున్నారు కదా అక్కా, ఏది నిజం?

బొగ్గుట్ట_పిల్ల:

అన్నా, అగ్నిపర్వతం లేదు. మన కింద మాగ్మా పైకి వస్తుంటే నేల ఉబ్బడం, వేడి నీటిలో, వాయువుల్లో మార్పు, వారాల తరబడి చిన్న భూకంపాల గుంపులు, ఇవేవో కనిపించాలి. అలాంటివి లేవు. గోదావరి లోయ కోట్ల ఏళ్ల క్రితం భూమి చీలి కుంగినప్పుడు ఏర్పడిన పట్టీ. మన బొగ్గంతా ఆ కుంగిన దాంట్లో పేరుకున్నదే. ఆ పాత ఫాల్టులు ఇంకా ఉన్నాయి, భారత ఫలకం ఉత్తరానికి తోసుకుపోతుండగా వాటి మీద ఒత్తిడి పడుతుంటుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చింది కూడా ఈ పట్టీలోదే. మా అమ్మమ్మ దాన్ని ఇప్పటికీ చెప్తుంది.

బ్లాస్టింగ్ మాటకొస్తే, తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. గనిలో పేల్చే మందు 5.3 దరిదాపులకి కూడా రాదు. గనులు తవ్వడం వల్ల పక్కనున్న రాతిలో ఒత్తిడి మారి భూకంపాలు రావడం ప్రపంచంలో ఉంది, అది వేరే సంగతి. అవి గని దగ్గర, గని లోతుల్లో వస్తాయి. ములుగు దానికి జాతీయ కేంద్రం మొదట ఇచ్చిన లోతు 40 కిలోమీటర్లు. ఇలాంటి తొలి లోతుల్ని నేను పెద్దగా పట్టించుకోను, దగ్గర్లో స్టేషన్లు తక్కువగా ఉంటే లోతులో పొరపాటు చాలా ఉంటుంది. సగానికి సగం తప్పు అనుకున్నా గని లోతు మాత్రం కాదు.

ఆ రోజు మా ఇంట్లో అందరూ నాకే ఫోన్. "నువ్వు చదివేది ఇదే కదా, మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని. అది ఎవరూ చెప్పలేరు. అగ్నిపర్వతాల దగ్గర మాకు కాస్త వెసులుబాటు ఉంది, మాగ్మా కదిలితే ముందుగా సంకేతాలు వస్తాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం చుట్టుపక్కల వాళ్లని సమయానికి తరలించడం వల్ల కనీసం 5,000 మంది బతికారని అంచనా. 2023 నవంబరులో ఐస్‌లాండ్‌లో గ్రిండవిక్ ఊరిని ఒక్క రాత్రిలో ఖాళీ చేయించారు. మామూలు ఫాల్ట్ భూకంపానికి అలాంటి ముందస్తు సంకేతం నమ్మదగ్గది ఇప్పటికీ లేదు. యూట్యూబ్‌లో తేదీ చెప్పేవాడు కనిపిస్తే ఛానల్ మార్చండి.

వియన్నా_వాసి:

ఉద్యోగాల గురించి రెండు ముక్కలు. సీస్మాలజీలో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు యూరప్‌లో ఉన్నాను. అమెరికాలో ప్రభుత్వ సంస్థల శాశ్వత ఉద్యోగాలకి మామూలుగా పౌరసత్వం అడుగుతారు, అది ముందే తెలుసుకుని వెళ్లు. అగ్నిపర్వతాల పేరుతో ఉండే ఉద్యోగాలు ఎక్కడైనా కొద్దే. కానీ ఈ విద్య అణు పరీక్షల నిఘాకి కావాలి. అణు పరీక్షల నిషేధ ఒప్పందం సంస్థ సీటీబీటీఓ నిఘా వ్యవస్థకే సీస్మిక్ స్టేషన్లు 170 ఉండాలని ఒప్పందంలో రాసుకున్నారు. పేలుడా భూకంపమా అని తేల్చడమే అక్కడి రోజువారీ పని, ఇల్లందు పిల్ల చిన్నప్పటి నుంచి చేస్తున్నదే. భూతాప విద్యుత్తు, ఇన్సూరెన్స్ వాళ్ల రిస్క్ లెక్కలు, టెలికాం ఫైబర్ కేబుల్‌నే సీస్మోమీటర్‌లా వాడే డాస్ పద్ధతి, వీటన్నిట్లో మనవాళ్లు ఉన్నారు. డాస్ మీద కొంచెం చెయ్యి పెట్టు. డేటా టెరాబైట్లలో వస్తుంది, దాన్ని సంబాళించడం వచ్చినవాడికి పని దొరుకుతుంది.

విశాఖ_తరంగం:

అందరికీ చాలా థ్యాంక్స్. బారెన్ ఐలాండ్ సంగతి నాన్నగారికి చదివి వినిపించాను. "అయితే అండమాన్‌లో ఉద్యోగం వస్తుందా?" అని మొదలెట్టారు. అది ఇంకో కథ.

అక్కా, ఆగస్టులోపు నేను ఏం చేస్తే మంచిది? పుస్తకం చదవనా, పైథాన్ నేర్చుకోనా?

బొగ్గుట్ట_పిల్ల:

రెండూ తర్వాత. ముందు 2018 జూన్‌లో ఏదైనా ఒక రోజు తీసుకో. హెచ్‌వీ నెట్‌వర్క్, యూడబ్ల్యూఈ స్టేషన్, శిఖరం మీదే ఉంటుంది. ఇరవై నాలుగు గంటలు ఒకే బొమ్మలో పరుచు. అబ్స్‌పైలో డేప్లాట్ అని ఉంది, ఒక్క లైను. అందులో కూలిన క్షణం ఎక్కడుందో చూడు, ముందు గంటలు చూడు, తర్వాత గంటలు చూడు. ఆ తర్వాత ఏవైనా ఇరవై చిన్న భూకంపాలు ఎంచుకుని పీ, ఎస్ నువ్వే గుర్తుపెట్టు. ఫేజ్‌నెట్ అప్పుడే నడపకు. అయ్యాక ఇక్కడ పెట్టు, చూస్తా.

విశాఖ_తరంగం:

పెట్టాను అక్కా, బొమ్మ జతచేశాను. కూలడం ఎక్కడో వెంటనే తెలిసిపోయింది, ముందంతా నల్లగా ముద్దగా ఉంది. పీ అన్నిటికీ పెట్టగలిగాను. ఎస్ మాత్రం సగం వాటికి దొరకట్లేదు. ఊహించి పెట్టనా?

బొగ్గుట్ట_పిల్ల:

వద్దు, ఊహించి పెట్టకు. నువ్వు నిలువు భాగం ఒక్కటే వేశావు, బొమ్మ మీద జెడ్ అని ఉంది. ఎస్ అడ్డంగా ఊపుతుంది, ఎన్ (ఉత్తరం), ఈ (తూర్పు) అనే భాగాలు కూడా దింపి మూడూ ఒకదాని కింద ఒకటి వెయ్. అప్పటికీ కనిపించనివాటికి ఆ గడి ఖాళీగా వదిలెయ్. పదకొండోది మాత్రం పీ కూడా తీసెయ్, అది భూకంపం మొదలు కాదు, ముందుదాని తోక.